ముప్పై ఏడు సెకన్లు, పద్నాలుగు కిలోమీటర్లు: మా బాథర్స్ట్ ప్రయాణం

సూర్యుడి ముందు నుంచి అంతరిక్ష కేంద్రం దాటిపోవడం చూడాలని సిడ్నీ నుంచి బయలుదేరే ఆలోచన ఎవరికైనా ఉంటే, మా అనుభవం కొంత పనికొస్తుంది. మాకు ఆ ఆలోచన సరదా కొద్దీ పుట్టలేదు. మాస్టర్స్ చదివే రోజుల్లో మా లెక్చరర్ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఏ రోజు, ఏ సెకనులో, ఏ చోట నిలబడితే ఆ దృశ్యం కనబడుతుందో చెప్పే ప్రోగ్రాం రాయాలి. రాస్తే చాలదు, అక్కడికి వెళ్ళి వీడియో తీసుకురావాలి. "ఈసారి మార్కులు వేసేది నేను కాదు, సూర్యుడు" అని ఆయన నవ్వారు. మాకు నవ్వు రాలేదు. రిపోర్టు సోమవారం ఇవ్వాలి. ఆలోపు మేము చేరుకోగల దూరంలో ఒక్కటే అవకాశం ఉందని మా ప్రోగ్రాం చెప్పింది: శనివారం మధ్యాహ్నం రెండు దాటాక, బాథర్స్ట్ ఊళ్ళో నది పక్కన పార్కు. అది కూడా ఒక్క సెకను కన్నా తక్కువసేపు.

మేము అంటే నేనూ, శ్రీకాంతూ. నాది ఒంగోలు, అతనిది కరీంనగర్. అంతరిక్ష కేంద్రం ఏ క్షణాన ఎక్కడుంటుందో లెక్కగట్టే సగం నేను రాశాను. సూర్యుడి లెక్క, సూర్యుడికి అడ్డొచ్చిన కేంద్రం నీడ నేల మీద ఏ గీత వెంబడి పడుతుందన్న లెక్క అతనివి. బాథర్స్ట్‌కి రైలుంది, పారమట్టాలో ఎక్కవచ్చు. కానీ రోజుకు ఒకటో రెండో. పైగా చేతిలో అరువు టెలిస్కోపు. ఆ మాట సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో మేము అద్దెకున్న ఇంటి యజమాని జోసెఫ్ అంకుల్ చెవిన పడింది. ఆయనది అమలాపురం. పారమట్టాలో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళుగా నర్సు.

"రైలెందుకమ్మా? నా కారుందిగా" అన్నారు. "నేనూ చూడాలి. ప్రేయర్ గ్రూపులో అందరికీ చెప్పేశాను కూడా, సాటర్డే స్పేస్ స్టేషన్ చూడ్డానికెళ్తున్నానని."

ఉదయం తొమ్మిదింటికి బయలుదేరాం. ఎం-ఫోర్ హైవే మీదుగా పెన్‌రిత్ దాకా, అక్కడి నుంచి బ్లూ మౌంటెన్స్ ఎక్కి, లిత్‌గోలో దిగి కాళ్ళు చాపుకుని, మళ్ళీ కారెక్కి. ఆగుతూ వెళ్తే మూడు గంటలు పైనే పడుతుంది. పెట్రోలు రానూపోనూ డెబ్బై డాలర్లలోపే అయింది. ఆంటీ కట్టిచ్చిన కోడి పలావు కటూంబా రాకముందే అయిపోయింది కాబట్టి, బాథర్స్ట్ చేరగానే బేకరీలో దూరాం. అక్కడి మీట్‌పై, అంటే మాంసం కూరి కాల్చిన కజ్జికాయలాంటిది, వేడివేడిగా చాలా బాగుంటుంది, తప్పక తినండి. మేము మాత్రం సగమే తినగలిగాం.

ఎందుకంటే, అంకుల్ తన మీట్‌పై కొరుకుతూ ఒక మాట అడిగారు. "టైమంటే టైమే కదమ్మా. ఆరు వారాలుగా ఇంట్లో మీరిద్దరూ టైము టైమని కొట్టుకునేది దేనికి?"

నేను హుషారుగా వివరించాను. మన ఫోన్లలో, గోడ గడియారాల్లో నడిచే సమయం భూమి తిరుగుడుతో అడుగు కలుపుతూ పోవాలి. భూమి ఒక్కోసారి కొంచెం బద్ధకిస్తుంది. అందుకని అప్పుడప్పుడు ఆ సమయానికి ఒక సెకను అదనంగా చేరుస్తూ వచ్చారు. అణు గడియారాల సమయం ఇవేమీ పట్టించుకోకుండా తన దారిన తాను పోతుంది. ఇప్పటికి రెంటికీ తేడా ముప్పై ఏడు సెకన్లు. మేము వాడిన లెక్కల లైబ్రరీకి అణు సమయమే కావాలి.

"అయితే ఆ ముప్పై ఏడూ ఎవరో ఒకరు కలపాలన్నమాట."

"నేను కలిపాను అంకుల్" అన్నాను గర్వంగా.

"నువ్వు కలుపుడేంది? నేను కలిపిన" అన్నాడు శ్రీకాంత్.

ఇద్దరం నమలడం ఆపేశాం.

"కేంద్రం లెక్క నాది కదా! నువ్వెందుకు కలిపావ్?"

"నువ్వు మర్చిపోతవేమోనని. నీ ఫంక్షన్‌కు పంపేటప్పుడే కలిపి పంపిన."

"అది నా దగ్గరికి రాగానే నేను కలిపాను!"

"పోన్లెండి, ఇద్దరూ మంచి పనే చేశారు" అన్నారు అంకుల్.

ఎవరి సగాన్ని వాళ్ళం విడిగా పరీక్షించుకున్నాం కానీ, రెండూ కలిపి ఎన్నడూ సరిచూడలేదు. బేకరీ బల్ల మీదే లాప్‌టాప్ తెరిచి, ఒక లైను తీసేసి మళ్ళీ నడిపాం. కేంద్రం మేము అనుకున్నదానికన్నా ముప్పై ఏడు సెకన్లు ఆలస్యంగా వస్తుంది, ఆలోగా ఆ ప్రాంతపు నేల పద్నాలుగు కిలోమీటర్లు తూర్పుకు తిరిగిపోతుంది. అంటే మేము నిలబడాల్సిన చోటు పార్కు కాదు. పద్నాలుగు కిలోమీటర్లు పడమరగా, ఆరెంజ్ ఊరికి వెళ్ళే దారికి అవతల ఎక్కడో పొలాల్లో ఉంది. నీడ పడే పట్టీ వెడల్పు నాలుగైదు కిలోమీటర్లే. పార్కులో కూర్చుని ఉంటే మా వీడియోలో ఉత్త సూర్యుడే ఉండేవాడు. టైము ఒకటీ ఇరవై.

"అంకుల్, కొంచెం స్పీడుగా పోండ్రి" అన్నాడు శ్రీకాంత్ వెనక సీట్లోంచి.

"మీ మార్కులు మీకెంత ముఖ్యమో, నా లైసెన్సు పాయింట్లు నాకంత ముఖ్యం బాబూ" అంటూ అంకుల్ బోర్డు మీద రాసిన వేగానికి ఒక్క పిసరు మించకుండా నడిపారు. ఆపైన మట్టి దారి. దాని చివర గేటు. గేటవతల గొర్రెలు.

లాప్‌టాప్ పట్టుకుని గేటు ముందు నిలబడిన నన్ను చూసి ఒక పెద్దావిడ ఇంట్లోంచి వచ్చింది. పేరు గ్వెన్. సర్వేకి వచ్చామనుకుంది. సంగతి చెబితే ఆకాశం కేసి ఒకసారి, అంకుల్ కేసి ఒకసారి చూసింది. "నో వరీస్, లవ్. గేటు మాత్రం వేసెయ్యండి" అంది.

టెలిస్కోపులో కన్ను పెట్టి సూర్యుణ్ణి చూస్తే కన్నే పోతుంది. అందుకని బొమ్మను తెల్ల అట్ట మీద పడేటట్టు చేశాం. అట్ట అంకుల్ చేతిలో, ఫోన్ కెమెరా నా చేతిలో. గాలికి అట్ట ఊగుతోంది. అప్పుడు మళ్ళీ గొడవ మొదలైంది: ప్రోగ్రాం చూపించే టైము ముప్పై ఏడు కలిపాక వచ్చిందా, కలపకముందుదా? శ్రీకాంత్ ఒకటన్నాడు, నేనింకొకటి అన్నాను. చివరికి గ్వెనే, "ముందు నుంచే తీస్తూ ఉండొచ్చు కదా" అంది. తీస్తూ ఉన్నాను. గొర్రెలు చుట్టూ చేరాయి. అంకుల్ పెదవులు కదులుతున్నాయి. మా మార్కుల కోసం కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నారని నాకు తెలియలేదు.

చిన్న నల్లటి మచ్చ అట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు సర్రున పోయింది. శ్రీకాంత్ ఒక్క కేక పెట్టాడు. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. అంకుల్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు.

"ఏమైంది? వస్తోందా?"

"వెళ్ళిపోయింది అంకుల్!"

"ఈగ అనుకున్నాను" అంది గ్వెన్. "దీనికోసమా సిడ్నీ నుంచి వచ్చారు?"

అంకుల్ ముఖం చూడలేకపోయాను. ఆయన గ్వెన్ వంటింట్లో కూర్చుని, ఆవిడ ఇచ్చిన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆ వీడియోను నెమ్మదిగా నడిపించుకుని పదే పదే చూశారు. ఒకచోట ఆపి, మచ్చ పక్కనే అంచున కనబడుతున్న తన బొటనవేలిని మాకు చూపించారు. "నా చేతిలోంచే వెళ్ళిందమ్మా" అన్నారు. మర్నాడు ప్రేయర్ గ్రూపులో ఆ మాటే చెప్పారని ఆంటీ చెప్పింది. కళ్ళు మూసుకున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదట.

మాకు మార్కులు బాగానే పడ్డాయి. ఆ రోజు తిరుగు దారిలో బ్లూ మౌంటెన్స్ దిగుతున్నంతసేపూ తప్పెవరిదని శ్రీకాంతూ నేనూ వాదించుకున్నాం. పెన్‌రిత్ దీపాలు కనబడ్డాక ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ప్రపంచంలో ఇన్ని రకాల సమయాలు ఎందుకున్నాయో నాకు ఆ సెమిస్టరులో అర్థమైంది: ఒక్కో పనికి ఒక్కోటి కావాలి, అన్నీ నిజమే. ఆరు వారాలు ఒకే ఇంట్లో ఉండి, ఒకే బల్ల మీద అన్నం తింటూ, "నువ్వు కలిపావా?" అని ఒకరినొకరం ఎందుకు అడగలేదో మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: నది ఒడ్డునో కొండ కొసనో దారి ముగిసిపోయే చోటును ఎంచుకోకండి, చివరి గంటలో నీడ గీత జరిగితే మీరూ జరగడానికి, తూర్పు పడమరలకు రోడ్డున్న చోటు చూసుకోండి.