టార్పాలిన్ కింద మూడు డ్రయ్యర్లు

బెంగళూరు నుంచి ఫండింగ్ ఇచ్చే మేడం వస్తుందన్న రోజు పొద్దున్నే మదనపల్లెలోని మా షెడ్డు కడిగి ముగ్గేశాను. షెడ్డుకు ముగ్గేమిటి, నా మొహం! అంత కంగారు. టమోటా ముక్కల్ని ఎండబెట్టే సోలార్ డ్రయ్యర్లు చేసి పల్లెలకిచ్చే చిన్న కంపెనీ నాది. మేడం సరేనంటే పెరుగుతాం. కాదంటే నెలాఖరుకు షెడ్డుకు తాళమే. నన్ను నమ్ముకుని ముక్కలు కోసే ఆరుగురు ఆడవాళ్లు ఇంటికి పోవాల్సిందే.

అందుకే బాగా పనిచేసే డ్రయ్యర్లను తుడిచి ముందు వరుసలో పెట్టాను. సోమల ఊరి నుంచి తిరిగొచ్చిన మూడింటిని వెనక గోడవారకు తోయించి టార్పాలిన్ కప్పాను. ముసురు పట్టినప్పుడు వాటిలో ముక్కలు బూజు పట్టాయి. ఎందుకో నాకు అంతుచిక్కలేదు.

షెడ్డు మాకిచ్చింది మండీలో టమోటా వ్యాపారం చేసే పెద్దాయన. ఊరంతా భాయ్ అంటుంది, నేనూ అంతే. మంచి కాయలు పైన పేర్చి, పగిలినవి అడుగున వేయడం మా మండీలో కొత్తేం కాదు. అందుకని ఆయన కొనేముందు క్రేటు మొత్తం నేలమీద బోర్లిస్తాడు. విచిత్రమేమిటంటే అమ్మేటప్పుడూ తనే బోర్లించి చూపిస్తాడు. ఎన్నిసార్లు నవ్వుకున్నానో!

ఆ రోజు మేడంకి చూపడానికని ఓ క్రేటు కాయలు తెచ్చి, టార్పాలిన్ వైపు చూశాడు.

"ఏం పాపా, మంచివన్నీ పైన పేర్చినావా?"

"ఈ ఒక్కరోజు గమ్మునుండు భాయ్!" అని కసిరాను.

మేడం వచ్చింది. ముందు వరుసంతా చూసి తలూపింది. "ఆ వెనకేముంది?" అంది.

"పాత సామాను మేడం." అబద్ధం నోట్లోంచి జారిపోయింది.

భాయ్ తన క్రేటు తీసి మేడం ముందు బోర్లించాడు, రోజూ చేసినట్టే. "అడుగున నాలుగు పగిలిండాయి మా, సూసుకోండి."

నాకు ఒళ్లు మండిపోయింది. కొంప ముంచాడనుకున్నాను. ఆ వెంటనే సిగ్గుతో చచ్చిపోయాను. డెబ్బై ఏళ్ల మనిషి తన సరుకు లోపం తనే చూపిస్తున్నాడు, నేనేమో దాచుకుని నిలబడ్డాను. వెళ్లి టార్పాలిన్ లాగేశాను.

"ఇవి పాడైనాయి మేడం. ముసురుకు బూజు పట్టినాయి. ఎందుకు పట్టిందో నాకింకా తెలీలా."

మేడం వాటి ముందు గొంతుక్కూర్చుంది. తలుపులు ఊడదీయించింది. ముక్కలు కోసేవాళ్లను అడిగింది. "గాలి పొయ్యే సందు ఇరుకుగా ఉండాది మా. అప్పుడే సెప్పినా, ఈయమ్మ వినలా," అంది ఒకామె. నిజమే, వినలేదు. మేడం నవ్వింది. కానీ ఏమీ తేల్చకుండానే కారెక్కింది.

పది రోజులకు ఫోను. డబ్బు పెడతానంది. అయితే ఆ మూడూ బాగుచేసి సోమలకు పంపాకే కొత్తవి మొదలుపెట్టాలంది. చెప్పులు కూడా వేసుకోకుండా మండీకి పరుగెత్తాను. భాయ్ ఎవరి క్రేటో బోర్లిస్తున్నాడు.

"భాయ్, మేడం ఒప్పుకునింది!"

"పాడైన మూడింటి గురించి ఏమనింది?"

"ముందు వాటినే బాగుచెయ్యమనింది."

"అట్లయితే అడుగుదాకా సూసి నిజంగా కొనే మనిషే పాపా," అన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది. "ఆ రోజు నిన్ను కసిరినాను భాయ్."

"దాందేముంది? రా, ఈ పగిలినవి ఏరు," అని పక్కకు జరిగి చోటిచ్చాడు. కళ్లు తుడుచుకుని ఆయన పక్కన నేలమీద కూర్చున్నాను.