ఒక సెంటు జాగా

కంప్లి నుంచి బళ్లారికి ఆ సాయంత్రం బస్సులో ఏ పని మీద వస్తున్నానో మర్చిపోయాను. పక్కన కూర్చున్న పెద్దాయన వేలు మాత్రం గుర్తుంది. పేరు అడగలేదు. ఇద్దరికీ ఓపిక లేదు. టికెట్ తీసుకున్నాక ఆయనే మాట కదిపాడు.

"చేను అమ్మి వస్తాండానప్పా. రిజిస్ట్రేషన్ అయిపాయె."

"అంతా అమ్మేశారా?"

"మా యింటామె సమాధి ఆడే ఉండాది. ఆ ఒక్క సెంటు ఇడిసి అమ్మినా. పత్రంలో గూడా అట్లే రాపిచ్చినా."

నా మీదుగా వంగి, కిటికీ అద్దానికి పట్టిన ఎర్రదుమ్ములో వేలితో పెద్ద చతురస్రం గీశాడు. దాని నడుమ చిన్నది ఇంకొకటి.

"ఇదంతా కొన్నాయప్పది. ఈ నడిమిది నాది."

చిన్నదాని అంచు మీద వేలు ఆగిపోయింది.

"ఆడికి పోయేకి దారి రాపిచ్చేది మర్సిపోతి. సంతకాలైనంక తెలిసె."

"కొన్నాయన్ని అడక్కపోయారా?"

"అడిగితి. 'నువ్వొస్తే వద్దనేదెవురు మామా' అనె. మంచోడేలే. రేపు ఆయప్ప ఇంగొకరికి అమ్మితే?"

తువ్వాలుతో మొహం తుడుచుకుని కళ్లు మూసుకున్నాడు. తన ఊరు రాగానే లేచి దిగిపోయాడు.

అద్దం మీద గీతలు అలాగే ఉన్నాయి. చిన్న చతురస్రం దాకా ఒక దారి గీద్దామని వేలు చాచాను. ఎటునుంచి మొదలుపెట్టినా అది వేరేవాళ్ల చేనే.