కిటికీ దగ్గర చూసే డాక్టరమ్మ

గుంటూరులో నాకు వైద్యం చేసిన చర్మవ్యాధుల డాక్టరమ్మ ట్యూబులైటు వెలుగును నమ్మేవారు కాదు. ఎవరొచ్చినా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పగటి వెలుగులో చూసేవారు.

మా తోటికోడలు ఏదో క్రీము రాసి తెల్లబడిందని నేనూ మందుల షాపులో అదే క్రీము కొని ఏడాదిపాటు రాశాను. రెండు రోజులు మానితే చాలు, బుగ్గలు ఎర్రగా కమిలి మండిపోయేవి. ట్యూబు చూడగానే ఆవిడ, "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. చర్మం పల్చబడిపోయింది," అన్నారు.

"ఇక బాగవదాండీ?" అంటూ ఏడ్చేశాను.

"ఎందుకు బాగవదు? నేను చెప్పినట్టు మానేయ్. మొదట్లో ఇంకా మండుద్ది, భయపడమాకు. మళ్లీ రాయాలనిపిస్తే నాకు ఫోన్ చెయ్."

పదో రోజు ముఖం ఉబ్బిపోతే ఫోన్ చేశాను.

"క్రీము రాశావా?"

"లేదండీ."

"అయితే తగ్గుద్ది. రేపు రా, చూస్తాను."

అలా ఏడు నెలలు తిరిగాను. చివరిసారి కిటికీ దగ్గర నా బుగ్గను వేలితో తడిమి, చిన్న అద్దం నా చేతికిచ్చారు.

"ఇదమ్మా నీ రంగు. ఎంత బాగుందో చూసుకో," అని నవ్వారు.

ఆటోలో నల్లపాడులోని మా ఇంటికి వెళ్తుంటే మిర్చి యార్డు ఘాటు గాలి ముఖానికి కొట్టింది. వరసగా తుమ్ములొచ్చాయి గానీ, బుగ్గలు మండలేదు.