సైకిల్ షెడ్డులో మిరపకాయలు

ఆడవాళ్ళకి బస్సు ఉచితం అన్నారు. సంతోషమే. కానీ ఆ బస్సు మా ఊళ్ళోకి రాదు. సత్తెనపల్లి నుంచి గుంటూరు వెళ్ళే దారిలో అడ్డరోడ్డు దగ్గర ఆగుతుంది. అక్కడికి మా ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్లు. ఆటో నిండితే గానీ కదలదు, షాపు వాళ్ళు ఆలస్యం ఒప్పుకోరు. అందుకే నేను సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళి, దాన్నక్కడ పెట్టి బస్సెక్కుతాను. గుంటూరులో బట్టల షాపులో నా పని.

ఆ సైకిళ్ళకి ఇంత నీడ కావాలని, పనికెళ్ళే ఆడవాళ్ళమంతా కాళ్ళరిగేలా పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగాం. చివరికి బస్‌స్టాపు పక్కనే సిమెంటు నేలతో రేకుల షెడ్డు వేశారు. ‘సైకిల్ తొక్కండి, బస్సెక్కండి’ అని గోడ మీద రాయించారు. ప్రారంభానికి వచ్చిన పెద్దమనిషి ఫొటో కోసం నా సైకిలే అడిగి తీసుకుని నాలుగు బారలు తొక్కి, కారెక్కి వెళ్ళిపోయాడు. పోతే పోయాడు, షెడ్డు మిగిలిందిగా అనుకున్నాను.

ఆ షెడ్డుని చూసే మా తోడికోడలు ధైర్యం చేసింది. ముప్పై దాటాక సైకిల్ నేర్చుకుంది. నేను వెనక సీటు పట్టుకుని కల్లంలో పరుగెత్తుతుంటే మగవాళ్ళు గట్టు మీద కూర్చుని ఒకటే నవ్వు. నేర్చుకున్నాక మా షాపులోనే చేర్పించాను. మా మరిది ఒక్క షరతు పెట్టాడు.

"పొద్దున దింపడం, రాత్రికి తేవడం నా వల్ల కాదు. సొంతంగా పోయి రాగలిగితే పొమ్మను, లేకపోతే చేలోకి రమ్మను."

హ్యాండిల్‌కి క్యారేజీ తగిలించుకుని ఆమె ముందు వెళ్తుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో.

మిరప కోతలప్పుడు మా వైపు ఒక అలవాటుంది. సిమెంటు నేల కనిపిస్తే చాలు, కాయలు ఆరబోస్తారు. బడి వరండా, చర్చి ముందు జాగా, కొత్తగా వేసిన రోడ్డు, ఏదైనా సరే. ఎవరూ ఎవరినీ అడగరు. ఈసారి కోతల మధ్యలో వాన పడింది. ఆ సాయంత్రం మేమిద్దరం బస్సు దిగేసరికి షెడ్డు నిండా కాయల బస్తాలు. సైకిళ్ళన్నీ రోడ్డు వారన ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. బస్తాలు తెచ్చిన ట్రాక్టరు వెనక్కి తిప్పేటప్పుడు ఆ సైకిళ్ళ కుప్ప అంచు తొక్కేసిందట. మా తోడికోడలి సైకిల్ ఫ్రేము రెండుగా విరిగింది.

బస్తాలు మావే. మా ఆయన, మరిది అక్కడే నిలబడి ఉన్నారు. వాటి పక్కనే మా ఇంటి మోటారుసైకిల్, పైన పట్టా కప్పుకుని, చుక్క తడవకుండా నిలబడి ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వానలో కాయ తడిస్తే ఏమవుతుందో నాకు తెలియదా? కోసి కోసి చేతులు మంటెత్తి ఏడ్చినదాన్ని నేను. కానీ ఆ బండి!

"కాయలు పెట్టారు సరే, ఈ బండెందుకు లోపల? ఆ జాగాలో నాలుగు సైకిళ్ళు పట్టవా?" అని అందరూ వినేలా అరిచాను.

"ఏందే ఆ అరుపులు? సైకిల్‌దేముంది, ఇనప ముక్కేగా!" అన్నాడు మా ఆయన.

మరిది ఇంకా నిదానంగా అన్నాడు. "సైకిల్ ఎటూ పోయింది గదా వదినా. కూలోళ్ళు కూడా దొరకట్లేదు. చేను ఆరగానే ఆమె కోతకొచ్చిద్ది."

"నా క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్తా."

"సొంతంగా పోయి రావాలన్నా గదా. మాటంటే మాటే."

మా తోడికోడలు నా చెయ్యి పట్టుకుని "పోనీలే అక్కా" అంది. వాళ్ళిద్దరి మాటల కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ మండించింది. ఎందుకు పోనివ్వాలి?

మా ఆయనతో మాటలు మానేశాను. మరిదితో రోజూ పోట్లాడాను. ఈలోగా షాపులో ఆమె చోటులో వేరే అమ్మాయిని పెట్టుకున్నారు.

చేను ఆరింది. ఆ పొద్దున బస్సులో కండక్టరు గారు "ఏమ్మా, ఒక్కదానివే వస్తన్నావ్, మీ చెల్లెలేది?" అని అడిగారు.

"మా మగాళ్ళు కోతకి తీసుకుపోయారండీ" అన్నాను, బస్సంతా వినేలా.

అడ్డరోడ్డు దాటగానే రోడ్డు పక్కనే మా చేను. డ్రైవరు గట్టిగా హారన్ కొట్టాడు. చేలో కూలీలంతా తలెత్తి చూశారు. ఆమె ఎత్తలేదు.