అవ్వ కంట్లో మందు

నిన్న మా అమ్మాయి నా కంట్లో చుక్కల మందు వేయబోయి చెవిలో వేసింది. శుక్లం తీసింది కంటికే అని గుర్తు చేయబోయి నవ్వేశాను. మా బాబాయి మొదటిరోజు అవ్వ ముక్కు మీద వేశాడు, ఆ లెక్కన ఆయనే నయం.

అవ్వ మాకు రక్తసంబంధం కాదు, జువ్వలదిన్నెలో మా పక్కింటావిడ. ఆమె ఒక్కగానొక్క కొడుకూ మా బాబాయీ ఒకే పడవలో సముద్రం మీద చేపల వేటకు వెళ్ళేవాళ్ళు. ఒకరోజు పెద్ద అలకు పడవ తిరగబడింది. బాబాయి ఒక్కడే ఒడ్డుకు చేరాడు. ఇసుకలో బోర్లాపడి రొప్పుతున్న మనిషిని గడ్డం పట్టి లేపి, "నా బిడ్డ యాడరా? నా మొకం జూసి చెప్పు" అంది అవ్వ. ఆయన తల దించుకున్నాడు. ఆ రోజు దించిన తల మళ్ళీ ఎత్తలేదు. మాతో మాట్లాడుతున్నా చూపు మా కాళ్ళ మీదే ఉండేది. మమ్మల్ని కాళ్ళను బట్టే గుర్తుపడతాడని ఎగతాళి చేసేవాళ్ళం. వేట నుంచి రాగానే అవ్వ గడప ముందు నాలుగు చేపలు పెట్టి, ఆమె బయటికి వచ్చేలోపు వెళ్ళిపోయేవాడు. తప్పు చేసినవాడే తల దించుకుంటాడనీ, నీళ్ళలో స్నేహితుడి చెయ్యి వదిలేసి ఉంటాడనీ ఊరు తేల్చేసింది. ఊరి సంగతి సరే, నర్సు చదువు చదువుతున్న నేను కూడా ఒకసారి ఎదురుగా నిలబడి, తప్పు లేకపోతే నా కళ్ళలోకి చూడమన్నాను. ఆయన ముఖమంతా చెమట పట్టింది, తింటున్న కంచం వదిలి లేచిపోయాడు. దాంతో నేనూ ఊరివైపే చేరాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నెల్లూరు ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాక మా డాక్టరమ్మ ఒకరోజు మాటల్లో చెప్పింది. బాగా బెదిరిన మెదడుకు, సిగ్గుతో చితికిన మెదడుకు ఎదుటివాళ్ళ కళ్ళు నిప్పులాగే తోస్తాయట. నిప్పు తగిలితే ఆలోచించి చెయ్యి తీస్తామా? ఇదీ అంతే, మనిషి అనుకునేలోపే చూపు తప్పుకుంటుంది. నేరానికీ దానికీ సంబంధం లేదు. ఊరెళ్ళినప్పుడు ఇదంతా అవ్వకు చెప్పాను. ఆమె వక్క నములుతూ విన్నది.

పడవ పోయిన తొమ్మిదేళ్ళకు అవ్వకు కంటి ఆపరేషన్ దగ్గరుండి చేయించాను. నెల రోజులపాటు రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేయాలి. నాకు సెలవు రెండు రోజులే. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మేం వేస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. "వాడే ఏస్తాడు" అని పట్టుబట్టింది. చేపలు పెట్టడానికి వచ్చిన బాబాయిని గడపలోనే పట్టుకుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు వైపే చూస్తూ, "నన్ను జూడబాక అబ్బయ్యా, కన్ను ఒక్కటే జూడు" అంది. మొదటి చుక్క ముక్కు మీద, రెండోది చెంప మీద పడ్డాయి. మొదటి సీసాలో సగం మందు దిండే తాగింది. అయినా ఆయన ఆ నెలంతా వేట మానుకుని పూటపూటకూ వచ్చాడు. మొదటి రెండు వారాలూ ఆమె ఒక్కసారైనా చూపు పైకప్పు నుంచి దించలేదు.

మూడో వారం నేను మళ్ళీ వెళ్ళేసరికి చుక్క సరిగ్గా కంట్లోనే పడుతోంది. ఆ ఉదయం అవ్వ రెప్పలార్చి, పైకప్పు వదిలి, మెల్లగా ఆయన వైపు చూసింది. బాబాయి ఈసారి కళ్ళు తిప్పుకోలేదు.

"నేను వదల్లేదవ్వా. జారిపోయినాడు" అన్నాడు.

"నువ్వు వదిలినావని నేనెప్పుడన్నానురా? వాడు యాడుండాడనే గదా అడిగినా" అంది అవ్వ.

ముగ్గురం ఏడ్చాం. ఏడిస్తే మందంతా కారిపోతుందని చివరికి నేనే కేకలేసి, మళ్ళీ వేయించాను.

కాలమే అన్నీ మాన్పుతుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రెండు ఇళ్ళ మధ్య కాలం తొమ్మిదేళ్ళు ఊరికే కూర్చుంది; ఒక మనిషి మరో మనిషి మీదికి రోజుకు నాలుగుసార్లు వంగాకే దానికి చేతనైంది.