కరీంనగర్‌లో మా గిటార్‌ను విప్పించిన రోజు

మా మనవరాలు తను తిరిగిన ఊళ్ల గురించి రాస్తుంటుంది. మంచిర్యాల దిక్కు నుంచి కరీంనగర్ ఎలా పోవాలి, పాత వాయిద్యం ఏ కంపెనీదో అక్కడ ఎవరు చెప్పగలరు అని ఎవరో ఆమెను అడిగారట. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు, నేను చెబుతాను, నువ్వు రాయి అన్నాను. నా మాటలను మెత్తగా చేయొద్దని కూడా చెప్పాను. నేను పోయింది తొంభై మూడులో, మా ఆయన రాజమల్లు చనిపోయిన రెండేళ్లకు. గిటార్ తెచ్చుకుందామని పోలేదు. మా ఆయన చేసిన వస్తువు పరాయి పేరు మీద హైదరాబాద్ పోతుంటే ఆపడానికి పోయాను.

ఆయన శ్రీరాంపూర్ గని వర్క్‌షాపులో కరెంటు ఫిట్టర్. కాలిపోయిన మోటార్లకు తిరిగి రాగి తీగ చుట్టడం ఆయన పని. సెలవు రోజుల్లో మైకుసెట్లు బాగుచేసేవాడు. చొప్పదండిలో ఒక పెద్దదొర ఉండేవాడు. పాటలంటే ప్రాణం, పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడిపేవాడు. డెబ్బై ఒకటో రెండో, ఆయన కోసం మా ఇంటి వెనక అరుగు మీద మూడు నెలలు కూర్చుని మా ఆయన ఒక బేస్ గిటార్ చేశాడు. నాలుగు లావు తీగలతో, కడుపులోంచి మాట్లాడినట్టు మోగేది. తీగల కింద అయస్కాంతానికి వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్టాలి. దాన్ని కాయిల్ అంటారు. ఆ చుట్టడం నా వంతు. పదేళ్లు అది పెళ్లిళ్లలో మోగింది. ఆర్కెస్ట్రా విడిపోయాక దొర ఇంట్లోనే ఉండిపోయింది, ఆయన పోయాక కొడుకు చేతికొచ్చింది.

ఒకరోజు మా ఆయనతో పనిచేసిన ఓదెలు ఇంటికొచ్చాడు. "వదినా, కరీంనగర్ల ఖాజా దుకాన్ల అన్న గిటార్ కనవడ్డది. చిన్నదొర మాధవరావు దాన్ని ఫారిన్‌ది అని చెప్పుకుంటుండు. అసుంటిది దొరకుడే కష్టమట. హైదరాబాద్ ఆయనెవరో శుక్రవారం కొనుక్కపోతడట. బేస్తారం నాడు చిన్నదొర దుకాన్ల ఉంటడు."

"మీ అన్న చేసిండని చెప్పలేదా?"

"చిన్నదొరకు చెప్పిన. నవ్విండు."

ఆ నవ్వుడు చాలు నాకు. బేస్తవారం, అంటే గురువారం, తెల్లవారుజామునే మొదటి బస్సెక్కాను. శ్రీరాంపూర్ నుంచి మంచిర్యాలకు అరగంట. అక్కడ ఏడింటికి ప్యాసింజర్ దొరికింది. గోదావరి దాటి, రామగుండం మీదుగా పెద్దపల్లికి గంటంబావు పట్టింది. వెంట రెండు బియ్యప్పిండి సర్వప్పలు కట్టుకున్నాను కానీ మూట విప్పలేదు. ఒకప్పుడు ఇదే రైలులో ఆయనా నేనూ ఆ గిటార్‌ను బొంతలో చుట్టి, ఇద్దరి మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని దొరకు ఇచ్చిరావడానికి పోయాం. రైలు పెట్టెలో అందరూ అదేంటని అడిగేవాళ్లే. ఆయన విసుక్కోకుండా బొంత విప్పి, అడిగిన ప్రతి ఒక్కరితో ఒక తీగ మీటించాడు. కరెంటు లేకుండా అది మోగదు కదా, దోమ పాడినట్టు చిన్నగా అనేది. అయినా మీటినవాళ్లందరూ సంబరపడ్డారు. కిటికీలోంచి గోదావరి ఇసుక తిన్నెలు చూస్తుంటే అదంతా నిన్ననో మొన్ననో జరిగినట్టే ఉంది.

పెద్దపల్లి స్టేషన్ బయట బస్సులు సిద్ధంగా ఉంటాయి. సుల్తానాబాద్ మీదుగా కరీంనగర్‌కు ఇంకో గంటంబావు. పోను ఖర్చు ఇరవై రూపాయలు దాటలేదు అప్పట్లో. ఇప్పటి లెక్క మీరు అడిగి తెలుసుకోండి. బస్టాండు బయట రిక్షా ఎక్కాను.

"ఏడికి అవ్వా?" అన్నాడు రిక్షా అతను.

"టవర్ సర్కిల్ కాడ. గిటార్లు బాగుజేసే ఖాజా దుకానం."

"ఇంట్ల షాదీ ఉన్నదా?"

"లడాయి ఉన్నది. జర జల్ది తొక్కు."

టవర్ దాటాక సందులో ఉండేది ఆ దుకాణం. మనిషి పక్కకు తిరిగి నడిచేంత ఇరుకు. గోడలకు హార్మోనియంలు, డోలక్‌లు, గొంతుపోయిన మైకులు. ఖాజా మియాకు అరవై ఉంటాయి. ఆయన బల్ల మీద మా గిటార్ పడుకుని ఉంది. పన్నెండేళ్ల తర్వాత చూడడం. మీద రంగు పోయింది కానీ ఆకారం అదే. పై కొమ్ము పొడుగు, కింది కొమ్ము పొట్టి. బల్ల పక్కన స్టూలు మీద ముప్పయ్యేళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా. మాధవరావు అతనే.

నేనెవరో చెప్పాను. అతను లేచి నిలబడ్డాడు. నిజం చెప్పాలి, మర్యాద తప్పలేదు. "కూసో అవ్వా. రాజమల్లు మా ఇంటికి వచ్చేటోడు, నాకు యాదికున్నది. రిపేర్ చేసేటోడు. గానీ గిటార్ మాత్రం మా బాపు బొంబాయిల కొన్నదే. మా అమ్మను అడుగు కావాలంటే. గీ పొట్టి కొమ్ము చూడు. గిసుంటి మోడల్ ఇండియాల లేదని హైదరాబాద్ ఆయన ఫోటో చూసి చెప్పిండు."

"మోడల్ కాదు బిడ్డా. చెక్క సాలలే."

ఖాజా మియా కళ్లజోడు తీసి నవ్వాడు. "ఇద్దరి మాటలెందుకు? విప్పి చూస్త. లోపలి సామాను అబద్ధం చెప్పది." మాధవరావు సరే అన్నాడు. నేనూ సరే అన్నాను.

ముందు వెనక్కి తిప్పి చెక్క చూశాడు. గోటితో గీకి వాసన చూశాడు. టేకు. అంచు దగ్గర రూపాయి బిళ్లంత గుండ్రటి అతుకు ఉంది. "ఇదేంది అక్కా?" అన్నాడు. మెట్‌పల్లిలో నేను పుట్టిన మా అవ్వగారింటి తలుపు రెక్క అది, ఆ అతుకున్న చోట గొళ్లెం ఉండేది అని చెప్పాను. తలుపు ఎంత వెడల్పో గిటార్ అంతే, అందుకే కింది కొమ్ము పొట్టిదైంది. తర్వాత తీగలు ఆనే ఇత్తడి పట్టీ విప్పాడు. కింద ఆకురాయి గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. "ఫ్యాక్టరీల గిట్ల చేతితోని రాకరు" అన్నాడు. మరలు చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. మాధవరావు మెల్లగా స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

అప్పుడు మెడ విప్పాడు. వేళ్లు నొక్కే పొడుగాటి కట్టెనే మెడ అంటారు. దాని అడుగున అచ్చుగుద్దిన ఫారిన్ అక్షరాలు, ఒక నంబరు. మాధవరావు వాటిని చదివి తల ఎత్తాడు. ఆ మెడ కూడా మా ఆయనే చెక్కాడని ఇరవై ఏళ్లు ఊరంతా చెప్పినదాన్ని నేను.

ఖాజా దాన్ని దీపం కిందికి తెచ్చాడు. "జర ఆగుండ్రి. గీడ పాత మరల తొర్రలు నాలుగున్నయి, పూడ్చిన్రు. కొత్తయి నాలుగు పక్కన కొట్టిన్రు. అంటే గీ మెడ ఇంకో గిటార్‌ది. దొర బొంబాయి గిటార్ ఎప్పుడన్న పగిలిందా?"

మాధవరావు ఆ తొర్రలను వేలితో తడిమాడు. "జీపు తిరగవడ్డప్పుడు పగిలిందని మా అమ్మ అనేది. రిపేర్ అయి వచ్చిందని కూడ అనేది."

ఇద్దరి మాటా అందులోనే తేలింది. బొంబాయి గిటార్‌లో పగలని మెడకు మా ఆయన మిగతాదంతా కొత్తగా చేశాడన్నమాట. దాన్నే దొర ఇంట్లో రిపేర్ అన్నారు, మా ఇంట్లో చేయడం అన్నారు. మెడ మీ ఇంటిది, మిగతాది మాది అని నేనే ముందు ఒప్పుకున్నాను. అతను మాత్రం ఊరుకోలేదు. "అవ్వా, చెక్క మీదే కానీయి. గిటార్‌కు అసలుది కాయిల్ గదా, గొంతు దాంట్లనే ఉంటది. అది కూడ మెడతోనే బొంబాయి నుంచి వచ్చింది కావచ్చు."

"కాయిల్ నేను చుట్టిన" అన్నాను. "విప్పకముందే చెప్త, ఇను. నేను మెట్‌పల్లిల బీడీలు చుట్టి పెరిగినదాన్ని. ఇరవై అయిదుకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. నాకు వచ్చిన లెక్క అదొక్కటే. తీగ కూడ గట్లనే లెక్కవెట్టిన. వెయ్యి చుట్లకొకసారి గుర్తుకు బీడీ దారం ముక్క పెట్టిన. లోపట అయిదు దారాలుంటయి. నాలుగు ఎర్రయి. నడిమిది తెల్లది, ఆ పూట ఎర్ర దారం ఒడిసింది, ఇంట్ల ముక్క లేదు."

ఖాజా కాయిల్‌ను అరచేతిలో పెట్టుకున్నాడు. "అక్కా, ఇది చూడాలంటే తీగ కోయాలె. ఇరవై ఏండ్ల తీగ, ముట్టుకుంటే తెగుతది. మళ్ల చుట్టరాదు. దీని గొంతు గంతటితోని ఖతం."

మాధవరావు ముఖం మారింది. "వద్దు. మా బాపు రోజూ పొద్దుగూకంగ దీన్నే వాయించెటోడు. ఆ గొంతు పోవద్దు. నువ్వే చుట్టినవ్ అవ్వా, నేను ఒప్పుకుంటున్న."

"నువ్వు భయానికి ఒప్పుకుంటున్నవ్. రేపు హైదరాబాద్ ఆయనకు మళ్ల ఫారిన్ అంటవ్. కొయ్యి ఖాజా భాయ్. ఒకసారి చుట్టిన చేతులు మళ్ల చుట్టయా?"

ఖాజా మాధవరావు వైపు చూశాడు, నా వైపు చూశాడు. పైన అంటిన మైనం గీకి తీగ కొస పట్టుకున్నాడు. మరీ ఎక్కువ చుట్లు రాకుండానే ఎర్ర దారం ముక్క బల్ల మీద రాలింది. మాధవరావు ఇక చాలన్నాడు. చాలదన్నాను. తీగ తెగుతూ, మళ్లీ కొస దొరుకుతూ, ఇంకో ఎర్రది వచ్చింది. మూడోది తెల్లది. దాన్ని చూడగానే అతను చేతిలోకి తీసుకున్నాడు. చివరి రెండూ ఎర్రవే.

ఖాజా దగ్గర సన్న తీగ రీలు, చేత్తో తిప్పే చిన్న చక్రం ఉన్నాయి. అక్కడే కూర్చున్నాను. కళ్లు ఆనలేదు కానీ వేలికి తెలుస్తుంది తీగ బిగువు. కట్ట, కట్ట, కట్ట అనుకుంటూ చుట్టాను. రెండుసార్లు తెగింది, ఖాజా అతికించాడు. మాధవరావు సందు చివరి హోటల్ నుంచి చాయ్, ఇరానీ సమోసాలు తెచ్చాడు. నాలుగింటికి అయిపోయింది. ఖాజా అంతా బిగించి సౌండు డబ్బాకు తగిలిస్తే మాధవరావు వాయించాడు. వాళ్ల నాన్న వాయించే ముక్కే, రెండు తీగల మీద.

"జర లావైంది గొంతు" అన్నాడు.

"నాకు వయసు రాలేదా?" అన్నాను.

అతను అక్కడి నుంచే హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు. ఇది ఫారిన్‌ది కాదు, శ్రీరాంపూర్ ఫిట్టర్ రాజమల్లు చేసింది అని నా ముందే చెప్పాడు. అవతలాయన వెంటనే వద్దన్నాడట. మాధవరావు ఫోన్ పెట్టేసి, "తీస్కపో అవ్వా, ఇది మీదే" అన్నాడు. మెడ మీ ఇంటిది కదా అన్నాను. విప్పి ఇస్తానన్నాడు. అది మాత్రం వద్దన్నాను. మా ఇంట్లో వాయించేవాళ్లు లేరు, నీ దగ్గరే మోగనీ, కానీ లోపల పేరుండాలి అన్నాను. ఖాజా ఇత్తడి పట్టీ కింద సూదిమొనతో మా ఆయన పేరు గీశాడు. "చుట్టినోళ్ల పేరు?" అన్నాడు. "లచ్చవ్వ" అన్నాడు మాధవరావు. అదీ గీశాడు. నాకు అక్షరాలు రావు, రెండింట్లో ఏది ఎవరిదో అడిగి, నా పేరు మీద వేలు పెట్టి చూసుకున్నాను. తాకితే గరుకుగా ఉంది.

తిరుగు బస్సులో నా కొంగుముడిలో పాత రాగి తీగ ఉండ ఉంది. ఇరవై ఏళ్లు ఆయన పేరు కోసం కొట్లాడాను. ఆయన లేకపోతే ఆ గిటార్ లేదు, అది నిజం. నేను లేకపోతే దానికి గొంతు లేదని మాత్రం అప్పటిదాకా నాకే తోచలేదు. ఆయన ఉంటే ఈ మాటకు నవ్వేవాడు, ఇప్పుడు తెలిసిందా అని. ఆ తీగ పారేద్దామని చాలాసార్లు అనుకుని పారేయలేదు. ఆయన గొంతు నాకు ఇప్పుడు సరిగా గుర్తు రాదు. ఆ పాత కాయిల్ గొంతు మాత్రం ముక్క ముక్కా గుర్తుంది.

పాత వాయిద్యం తీసుకుని పోయేవాళ్లకు ఒక్కటే చెబుతాను. పొద్దుటి ప్యాసింజర్‌కే పోండి, విప్పి చూడడానికి పూట పడుతుంది. లోపల ఏముందో మీకు తెలిస్తే, మర విప్పకముందే నలుగురి ముందు చెప్పండి. విప్పాక చెబితే ఎవరూ నమ్మరు.