ఇంకా చాలలేదు, నొక్కండి

ఉమాపతి సార్ దగ్గరికి ఎవరైనా రావాలంటే ఏదో ఒక పని పడాలి. ఊరికే వచ్చేవాళ్ళు లేరు. కాకినాడ వైపు నుంచి ఉద్యోగానికొచ్చి, ఇరవై ఏళ్ళుగా పురానాపూల్‌లో ఒంటిగదిలో ఉండేవారు. పెళ్ళి లేదు, పలకరించే చుట్టం లేదు. హుస్సేనీ ఆలంలో మా పరీక్షల ఆఫీసు మేడమీద, వెనక గదిలో ఆయనొక్కరే కంప్యూటరు ముందు కూర్చునేవారు. ముందు గదిలో నేను, మహేశ్వరిని, టైపింగ్ చేసేదాన్ని. నాకు నోటిదురుసు ఎక్కువ, దాచను.

ఆయన పని రహస్య కోడ్లు తయారుచేయడం. జవాబుపత్రం మీద పిల్లల పేరు తీసేసి కోడ్ వేస్తాం, దిద్దేవాళ్ళకు అది ఎవరిదో తెలియకూడదని. ఆ కోడ్‌ను ఎవరైనా ముందే కనిపెడితే పరీక్ష మొత్తం గంగలో కలిసినట్టే, ఆయన ఉద్యోగమూ అంతే.

2003లో నేను సాయంత్రం క్లాసుల్లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నాను. కుతూహలం పట్టలేక ఆయన ప్రోగ్రాం చదివాను. కోడ్లన్నీ మీట నొక్కినప్పుడు కంప్యూటరు గడియారంలో ఉన్న సెకను నుంచి మొదలవుతున్నాయి! ఆ సెకను తెలిస్తే మిగతావన్నీ వరసగా వచ్చేస్తాయి. సార్ రోజూ తొమ్మిదింబావుకు మంచినీళ్ళు తాగి మీట నొక్కుతారు. ఆయన మెట్లెక్కితే, కింద కూరలమ్మే సక్కుబాయి గడియారం సరిచేసుకునేది. ఇంకేం! తొమ్మిదీ పది నుంచి తొమ్మిదీ ఇరవై దాకా ఏ సెకనుకు ఏ కోడ్ వస్తుందో ముందురోజే అచ్చు తీసిపెట్టాను.

మర్నాడు ఆయన కోడ్ నా కాగితంలో దొరికింది. పరిగెత్తుకెళ్ళి బల్లమీద పడేశాను.

"సార్, గివేనా మీ రహస్యాలు? మీరెప్పుడొస్తరో గల్లీల అందరికెరికె. ఒక్కదినమన్న లేటు గారా ఏంది?"

నవ్వుతారనుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది. కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నారు.

"నన్ను ఆలస్యం చేసేవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉండాలి కదమ్మా," అన్నారు.

నా నోరు పడిపోను! అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

వారంలో ప్రోగ్రాం తిరగరాశారు. ఇక గడియారంతో పనిలేదు. మనుషులు ఒక మీట నొక్కి ఇంకోటి నొక్కేలోపు ఎంత సేపయింది, మౌసు ఎటు కదిలింది, ఇలా ఎవరూ ముందుగా చెప్పలేనివి కంప్యూటరు పోగుచేసుకుంటుంది. ముప్పైరెండు బైట్లు పోగైతే చాలు, వాటినుంచి ఒక పరీక్షకు సరిపడా వేల కోడ్లు ఒకేసారి తీయొచ్చు, రోజూ నొక్కక్కర్లేదు.

"నా ఒక్కడి చెయ్యి నేను నమ్మను. అందర్నీ పిలవమ్మా," అన్నారు.

సక్కుబాయి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అటెండరు మొగులయ్య వచ్చాడు. నలుగురం ఒకరి తర్వాత ఒకరం మీటలు బాదాం. తెరమీద మాత్రం 'ఇంకా చాలలేదు, నొక్కండి' అనే ఉంది.

"ఏంది సారూ, గిదేం కడుపు, నిండదే!" అంది సక్కుబాయి.

"చాలనేదాకా కొట్టాలమ్మా," అన్నారు సార్, బుద్ధిగా.

పావుగంట పట్టింది. ఈలోగా మొగులయ్య చాయ్ తెచ్చాడు, సక్కుబాయి తన అల్లుణ్ణి తిట్టిపోసింది, గదంతా లొల్లి. సార్ పళ్ళు కనబడేలా నవ్వడం అప్పుడే చూశాను. ఆ తర్వాత ఆరేళ్ళు, ప్రతి పరీక్షకూ ఒకసారి మేం ఆ గదిలో చేరేవాళ్ళం. ఆయన ముందురోజే బిస్కెట్లు తెచ్చిపెట్టేవారు.

2009లో సార్ రిటైరయ్యారు. ఆ కుర్చీ నాకిచ్చారు. కొత్త పరీక్షకు ముందు ప్రోగ్రాం తెరిచి వరసగా చదివాను. ముప్పైరెండు బైట్లు నిమిషంలోపే నిండిపోతున్నాయి. ఆ కింద ఆయన ఇంకో లైను రాసుకున్నారు: పావుగంట గడిచేదాకా 'ఇంకా చాలలేదు, నొక్కండి' అని చూపిస్తూ ఉండు. కోడ్లకు దాంతో ఏ అవసరమూ లేదు.

ఏడుపొచ్చింది. లైను తీసేయబుద్ధి కాలేదు. ఆ సాయంత్రమే పురానాపూల్ వెళ్ళి ఆయన తలుపు తట్టాను.

తీశారు. లోపల ఒక కుర్చీ, దానిమీద మడతపెట్టిన పేపరు.

"ఏమ్మా, ప్రోగ్రాం ఆగిపోయిందా?"

"లేదు సార్. ఊకెనే వచ్చిన."

ఆయన పక్కకు జరగలేదు. "ఊరికేనా?" అన్నారు. ఇంకా ఏదో పని చెబుతానేమోనని, తలుపు పట్టుకుని నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డారు.